స్ప్లెండర్ హెడ్డు: ఇంట్లో పోర్టింగ్, వాల్వ్ పని చేసుకునే పద్ధతి

హెడ్ వర్క్ (సిలిండర్ పైన వాల్వులుండే హెడ్డు మీద చేసే పని) అనగానే చాలామంది కుర్రాళ్ళు గ్రైండర్ పట్టుకుని పోర్టు (హెడ్డులో గాలి, పొగ పోయే దారి) ఎంత వెడల్పు చేస్తే అంత పికప్ వస్తుందనుకుంటారు. హెడ్లు పాడయ్యేది అక్కడే. చిన్న ఇంజిన్‌లో దొరికే లాభం దాదాపు అంతా వాల్వ్ సీటుకి (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే రింగుకి) అటూ ఇటూ కలిపి అర అంగుళం మేరలోనే ఉంటుంది. ఆ అర అంగుళం సాపు చేసి, వాల్వులు గాలి వదలకుండా కూర్చోబెడితే బండి మారిపోతుంది. మిగతా పోర్టు ముట్టుకోకపోయినా నష్టం లేదు.

మాది గాజువాక. స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. కొలవకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదనే అలవాటు అక్కడే పడింది. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక వైస్, ఒక బల్ల, మంచి లైటు పెట్టుకుని చుట్టాల బండ్లు చూస్తుంటాను. ఇక్కడ రాసేది మా మేనల్లుడి పాత కార్బురేటర్ స్ప్లెండర్‌కి చేసిన పని. నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి ఇంజిన్ లేదు. ఒకటే సిలిండర్, రెండే వాల్వులు, వాటిని తెరిచే క్యామ్ హెడ్డులోనే. బోరు 50 మి.మీ., స్ట్రోక్ 49.5 మి.మీ., మొత్తం 97.2 సీసీ. స్పేర్లు ప్రతి ఊళ్ళో దొరుకుతాయి.

ముందు ఒక మాట. బండికి ఉన్న హెడ్డు మీద చెయ్యి వేయకండి. ఆటోనగర్‌లో పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర అదే మోడల్ హెడ్డు ఒకటి కొనుక్కుని దాని మీద పనిచేయండి. బండి తిరుగుతూనే ఉంటుంది, మీకూ టెన్షన్ ఉండదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బీఎస్6 బండ్లు, వారంటీలో ఉన్న బండ్లు ఈ పనికి వద్దు. చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకే బోరు పెంచడం, సైలెన్సర్ మార్చడం లాంటివాటి జోలికి నేను వెళ్ళను. పని అయ్యాక పొల్యూషన్ టెస్ట్ మళ్ళీ చేయించండి, పాసవ్వాలి.

హెడ్డు విప్పేముందు ఇంజిన్ బతికుందో లేదో చూడాలి. ప్లగ్ తీసి కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టండి. రీడింగ్ రాసుకోండి. తర్వాత ప్లగ్ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. తక్కువగానే ఉండి పెరగకపోతే వాల్వులు లీకవుతున్నట్టు. రింగులు పోయిన ఇంజిన్‌కి హెడ్ పని దండగ, ముందు బోరు సంగతి చూడాలి.

విప్పడం పెద్ద కథ కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. మాగ్నెట్ మీద ‘టీ’ గుర్తు, క్యామ్ స్ప్రాకెట్ మీద ‘ఓ’ గుర్తు సరిపోల్చుకుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ ఫొటో బిగించేటప్పుడు అక్కరకొస్తుంది. టైమింగ్ చైన్ కిందికి జారకుండా తీగతో కట్టేయండి. హెడ్ నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒక్కటే ఒకేసారి విప్పేస్తే హెడ్డు వంగే ప్రమాదం ఉంది. ఏ స్టడ్ మీద ఏ వాషర్ ఉందో అట్టముక్క మీద అదే వరసలో గుచ్చి పెట్టుకోండి. ఆయిల్ పైకి వెళ్ళే దారిలో ఉన్న స్టడ్‌కి సీలింగ్ వాషర్ ఉంటుంది. అది తారుమారైతే ఆయిల్ కారుతుంది.

హెడ్డు కింది పాత ప్యాకింగ్‌ని గ్రైండర్‌తో, వైర్ బ్రష్‌తో పొడిగా గీకకండి. పాతకాలం ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు. డీజిల్‌తో నానబెట్టి ఇత్తడి ముక్కతోనో చెక్కతోనో నెమ్మదిగా లాగండి. ఛాంబర్‌లో, అంటే హెడ్డులో పెట్రోల్ మండే గుంతలో, కార్బన్ కూడా అంతే. ఇనుప స్క్రూడ్రైవర్ అల్యూమినియం మీద గీతలు పెడుతుంది.

ఇప్పుడు గైడులు, అంటే వాల్వ్ కాడ జారే గొట్టాలు, చూడాలి. వాల్వుని సీటు నుంచి సుమారు సెంటీమీటరు బయటికి లాగి పక్కలకి ఊపండి. లటలటా ఆడుతుంటే గైడు పోయింది. గైడు మార్చకుండా సీటు మీద చేసిన ఏ పనీ నిలవదు, ఎందుకంటే సీటు కోసే కట్టర్ తిరిగేది గైడులో పెట్టిన కడ్డీ ఆధారంగానే. కాబట్టి వరస ఇదీ: ముందు గైడు, తర్వాత పోర్టు, ఆ తర్వాత సీటు, చివర్లో ల్యాపింగ్ (వాల్వుని పేస్టుతో సీటులో తిప్పి సరిగ్గా ఆనేలా చేయడం). గైడు దించి ఎక్కించడం ఇంట్లో వద్దు, ఇంజిన్ రీకండిషనింగ్ చేసే షాపులో ఇవ్వండి.

ఇక అసలు పని. మంచి వెలుతురులో హెడ్డు తిరగేసి, ఇన్‌లెట్ వాల్వ్ తీసి, చూపుడువేలు సీటు లోపలికి పోనిచ్చి గోరుతో తడమండి. హెడ్డు అల్యూమినియం, సీటు మాత్రం లోపలికి బిగించిన ఇనుప రింగు. ఫ్యాక్టరీలో ఆ రింగుని కింద నుంచి కొంత లోతు వరకు కోస్తారు. ఆ కోత ఎక్కడ ఆగిందో అక్కడ, అచ్చుపోసిన పోర్టు గోడ మొదలయ్యే చోట, ఒక మెట్టు గోరుకి తగులుతుంది. ఒక పక్క దాదాపు ఉండదు, ఇంకో పక్క అర మిల్లీమీటరుకి పైనే ఉండొచ్చు, ఎందుకంటే అచ్చు కాస్త పక్కకి జరుగుతుంది. గాలి పోర్టు మొత్తంలో అన్నిటికంటే ఇరుకుగా ఉన్న చోటికి వచ్చి, వాల్వ్ చుట్టూ మలుపు తిరగబోయే ముందు, ఆ మెట్టుకి గుద్దుకుంటుంది. దాన్ని తీసేయడమే సగం పని.

పనిముట్లు: సన్న తల ఉన్న రోటరీ టూల్ గానీ, ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ గానీ. బర్ర్ (టూల్ కొనకి పెట్టే పళ్ళ కట్టర్) కొనేటప్పుడు అల్యూమినియానికి వాడే పెద్ద పళ్ళది అడిగి తీసుకోండి. ఇనుముకి వాడే సన్న పళ్ళ బర్ర్ అల్యూమినియంతో వెంటనే మూసుకుపోతుంది. మధ్యమధ్యలో బర్ర్‌ని కొవ్వొత్తి మైనానికి తాకిస్తే లోహం అంటుకోదు. బర్ర్ కాడకి టేపు చుట్టండి, లేకపోతే అది సీటుని గీకేస్తుంది. పోర్టు వైపు నుంచి పనిచేసేటప్పుడు ఒక పాత వాల్వుని సీటు మీద కూర్చోబెట్టి ఉంచితే సీటు భద్రం. కళ్ళద్దాలు, మాస్క్ తప్పనిసరి. టూల్ రెండు చేతులతో పట్టుకోవాలి కాబట్టి హెడ్డు వైస్‌లో ఉండాలి, దవడలకి చెక్కముక్కలు వేసి.

మెట్టు తీసేటప్పుడు బర్ర్ ఒకేచోట ఆగకూడదు. వేలితో దారి చూపించినట్టు చుట్టూ కదుపుతూ ఉండండి. సీటు కింద గొంతు వ్యాసం వాల్వ్ తల వ్యాసంలో 85 నుంచి 90 శాతం మధ్య ఉంటే చాలు. ఉదాహరణకి తల 24 మి.మీ. అయితే గొంతు 20.4 నుంచి 21.6 మి.మీ. మధ్య. అంతకు మించితే సీటుకి కింద ఆసరా తగ్గుతుంది, గాలి వేగం కూడా పడిపోతుంది. లోపలి వ్యాసం వెర్నియర్‌తో నాలుగు దిక్కులా కొలిచి రాసుకోండి.

వాల్వ్ గైడు పోర్టులోకి పొడుచుకొచ్చిన చోట చుట్టూ ఒక దిమ్మ ఉంటుంది. కొందరు దాన్ని మొత్తం చెక్కేస్తారు. నేను చెక్కను. వాల్వ్ కాడలోని వేడి గైడు ద్వారానే హెడ్డుకి వెళ్తుంది, కాడకి ఆసరా కూడా అదే. గాలి వచ్చే వైపు, పోయే వైపు మాత్రం ఆ దిమ్మని పడవ ముక్కులా సన్నగా చేస్తాను. ఎగ్జాస్ట్ వైపు దిమ్మని ఇంకా తక్కువ ముట్టుకుంటాను.

తర్వాత పోర్టు వంపు. దీనికి లోపలి మలుపు, బయటి మలుపు అని రెండు గోడలు. వేగంగా వచ్చే గాలి లోపలి మలుపు దగ్గర గోడని వదిలేసి బయటి గోడవైపు దూసుకుపోతుంది. లోపలి మలుపులో పదునైన అంచు ఉంటే ఇంకా ముందే వదిలేస్తుంది. అక్కడ లోహం తగ్గించకండి, అంచుని గుండ్రం చేయండి, అంతే. లోపలి మలుపుని లోతుగా తవ్వితే వంపు ఇంకా నిటారుగా తయారై ఫలితం తిరగబడుతుంది. పైగా గోడ వెనక స్టడ్ రంధ్రమో, ఆయిల్ దారో ఎంత దగ్గరగా ఉందో బయటికి కనపడదు.

కార్బురేటర్ నుంచి వచ్చే పైపు, మధ్యలో నల్లటి ఇన్సులేటర్, హెడ్ పోర్టు, ఈ మూడు రంధ్రాలూ ఒకదానికొకటి సరిపోవాలి. హెడ్డు ముఖం మీద మార్కింగ్ బ్లూ పూసి, ఇన్సులేటర్‌ని స్టడ్ల మీద పెట్టి సూదిమొనతో గీత గీయండి. గాలి ఏ దిక్కుకి పోతుందో ఆలోచించుకోండి. ముందు రంధ్రం కంటే వెనకది చిన్నదైతే అంచు అడ్డం. వెనకది కాస్త పెద్దదైతే ఫర్వాలేదు. ఎగ్జాస్ట్ వైపు సైలెన్సర్ పైపు నోరు పోర్టు కంటే సహజంగానే పెద్దగా ఉంటుంది. ఆ మెట్టుని నేను కావాలనే ఉంచేస్తాను, వెనక్కి తన్నే పొగని అది కొంత ఆపుతుంది.

మా మేనల్లుడు ఈ దశలో అడిగాడు, “మావయ్యా, ఇన్‌లెట్ లోపలంతా అద్దంలా మెరిపించేద్దామా?” అని. “వద్దురా, 80 నంబరు దగ్గర ఆపెయ్” అన్నాను. కార్బురేటర్ ఇంజిన్‌లో పెట్రోల్ అంతా ఆవిరై రాదు. కొంత సన్న తుంపరగా వచ్చి గోడకి అంటుకుని పారుతుంది. కాస్త గరుకుగా ఉన్న గోడ ఆ తడిని మళ్ళీ చెదరగొట్టి గాలిలో కలుపుతుంది. అద్దంలాంటి గోడ మీద అది ధారగా జారుతుంది. ఇన్‌లెట్‌కి 80 నంబరు ఎమ్రీ చుట్టలు చాలు, ఎగ్జాస్ట్‌కి మాత్రం 120, తర్వాత 240 దాకా వెళ్ళొచ్చు. అక్కడ తడి ఉండదు, నునుపుగా ఉంటే కార్బన్ ఆలస్యంగా పడుతుంది.

ఛాంబర్‌లో చేయాల్సింది తక్కువ. ప్లగ్ మరల చివర, వాల్వ్ అంచు పక్కన, ఎక్కడ పదునైన అంచు కనిపించినా గుండ్రం చేయండి. అలాంటి అంచులు ఎర్రగా కాగి, స్పార్క్ కంటే ముందే మంట అంటిస్తాయి. వాల్వ్ పక్కన గోడ మరీ దగ్గరగా ఉంటే కొద్దిగా తీయొచ్చు, కానీ తీసే ప్రతి పొడీ కంప్రెషన్‌ని తగ్గిస్తుందని గుర్తుంచుకోండి.

ఎంత తగ్గిందో లెక్క తెలియాలంటే ఛాంబర్ కొలవాలి. అరచేతి సైజు యాక్రిలిక్ పలక తీసుకుని ఒక చిన్న రంధ్రం పెట్టండి. వాల్వులు, ప్లగ్ బిగించి, హెడ్డు తిరగేసి, అంచుకి గ్రీజు రాసి పలక అతికించండి. హెడ్డుని కొద్దిగా వాల్చి, పైకొచ్చిన రంధ్రంలోంచి సిరంజితో డీజిల్ ఎక్కించండి. ముందు 10 మి.లీ. సిరంజి, చివరి కొంచెం 1 మి.లీ. సిరంజితో. బుడగ పూర్తిగా పోయినప్పుడు లెక్క రాయండి. పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి.

ఈ ఇంజిన్ కంప్రెషన్ 9:1. అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే మొత్తం ఖాళీ 97.2ని 8తో (9లో ఒకటి తీసేసి) భాగిస్తే వచ్చే 12.15 సీసీ. ఇందులో హెడ్ ఛాంబర్‌తో పాటు ప్యాకింగ్ మందం, పిస్టన్ తల ఆకారం అన్నీ కలిసే ఉంటాయి. మీరు ఛాంబర్‌లో అర సీసీ లోహం తీస్తే ఖాళీ 12.65 అవుతుంది, కంప్రెషన్ దాదాపు 8.7కి పడిపోతుంది. వేలితో తడిమితే తెలియని మార్పు అది, నడిపితే మాత్రం తెలుస్తుంది. అదే 9 నుంచి 9.5కి పెంచాలంటే ఖాళీ 11.43 సీసీ ఉండాలి. 50 మి.మీ. బోరు వైశాల్యం 19.63 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి ఛాంబర్ నోరు బోరంత ఉంటే హెడ్డు ముఖం మీద ఒక్కో పదో వంతు మిల్లీమీటరుకి 0.2 సీసీ చొప్పున తగ్గుతుంది. 12.15 నుంచి 11.43కి రావాలంటే సుమారు 0.37 మి.మీ. తీయాలి.

రోజూ ఆఫీసుకి తిరిగే బండికి 9.5 దాటించడం నాకు ఇష్టం లేదు. ఎయిర్‌కూల్డ్ ఇంజిన్, మన విశాఖ ఎండ, వెనక ఇంకొకరు, పైగా కొండ రోడ్డు. నాకింగ్ (లోపల పెట్రోల్ అదుపు తప్పి పేలడం) మొదలైతే పిస్టన్ తల కరిగేదాకా వెళ్తుంది. హెడ్డు కిందికి దిగితే క్యామ్ క్రాంక్‌కి దగ్గరై వాల్వ్ టైమింగ్ కాస్త వెనకబడుతుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. అందుకని బిగించేముందు పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే మట్టి పల్చగా అద్ది, పాత ప్యాకింగ్‌తో హెడ్డు బిగించి, టైమింగ్ పెట్టి ఇంజిన్‌ని చేత్తో రెండుసార్లు తిప్పి విప్పండి. వాల్వ్ నొక్కిన చోట మట్టి మందం కోసి కొలవండి. ఇన్‌లెట్ దగ్గర 1.5 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2 మి.మీ. కంటే తగ్గకూడదు.

కంప్రెషన్ పెంచే ఉద్దేశం లేకపోయినా హెడ్డు ముఖం చదునుగా ఉందో లేదో చూడాలి. స్కేలు అంచు మూలమూలగా ఆనించి ఫీలర్ గేజ్ దూర్చండి. 0.05 మి.మీ. ఆకు దూరుతుంటే మందపాటి గాజు పలక మీద 400 నంబరు వాటర్ పేపర్ అతికించి, హెడ్డుని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ సాపు చేయండి. అంతకంటే ఎక్కువ వంగితే లేత్ షాపుకి.

వాల్వ్ సీటు మాత్రం షాపులోనే కోయించండి. మూడు కోణాలు అడగండి: మధ్యలో వాల్వ్ కూర్చునే 45 డిగ్రీలు, పైన ఛాంబర్ వైపు 30, కింద గొంతు వైపు 60. గాలి ఒక్కసారిగా మలుపు తిరగకుండా మూడు విడతల్లో తిరుగుతుంది. వాల్వ్ ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్నప్పుడు గాలి ఎంత పోవాలో తేల్చేది పోర్టు కాదు, సీటే. వాల్వ్ తన వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేచేసరికి చుట్టూ ఏర్పడే సందు, వాల్వ్ తల వైశాల్యంతో సమానమవుతుంది. లేచే ప్రతిసారీ ఆ ఎత్తుకి కింద గడిపే సమయమే ఎక్కువ. సీటు పట్టీ వెడల్పు ఇన్‌లెట్‌కి ఒక మిల్లీమీటరు, ఎగ్జాస్ట్‌కి కాస్త ఎక్కువ ఉంచమనండి. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని ఆ పట్టీ ద్వారానే వదిలించుకుంటుంది, అది మరీ సన్నమైతే వాల్వ్ కాలిపోతుంది.

షాపు నుంచి వచ్చాక ల్యాపింగ్ మీ చేతుల్లోదే, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. మెత్తటి గ్రైండింగ్ పేస్టుని వాల్వ్ ముఖం మీద నాలుగైదు చుక్కలు పెట్టండి. కాడకి చుక్క నూనె. రబ్బరు కప్పు కర్రని వాల్వ్ తలకి అతికించి, రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పండి. మొదట కరకరమని గట్టిగా వినిపిస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు తగ్గి మెత్తబడుతుంది. అప్పుడు వాల్వ్ పైకెత్తి, పావు చుట్టు తిప్పి, మళ్ళీ దించి కొనసాగించండి. తుడిచి చూస్తే సీటు మీద బూడిదరంగు పట్టీ ఎక్కడా తెగకుండా, ఒకే వెడల్పుతో కనపడాలి. ఎక్కడైనా మెరిసే మచ్చ ఉంటే అక్కడ ఇంకా ఆనలేదన్నమాట. ఇన్‌లెట్ వాల్వ్, ఎగ్జాస్ట్ వాల్వ్ దేని సీటులో దాన్నే ల్యాప్ చేయాలి. అయ్యాక పేస్టు రేణువు ఒక్కటి కూడా మిగలకుండా సబ్బునీళ్ళతో, బ్రష్‌తో కడగండి. గైడులోకి కూడా బ్రష్ పోవాలి. మిగిలిన పేస్టు గైడుని తినేస్తుంది.

స్ప్రింగులు, కొత్త ఆయిల్ సీళ్ళు వేసి వాల్వులు బిగించాక పరీక్ష: ప్లగ్ పెట్టి, హెడ్డు తిరగేసి ఛాంబర్‌లో పెట్రోల్ పోసి, పోర్టుల్లోకి టార్చి వేసి పది నిమిషాలు చూడండి. మంట, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు. పోర్టులో తడి మెరుపు కనిపిస్తే మళ్ళీ ల్యాపింగ్. ఇక్కడ రాజీ పడకండి. స్ప్రింగులు కంపెనీవి చాలు, గట్టి స్ప్రింగులు వేస్తే క్యామ్, రాకర్లు త్వరగా అరుగుతాయి.

బిగించేటప్పుడు ప్యాకింగ్ కొత్తదే. నట్లు ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి, మూడు విడతల్లో. టైమింగ్ గుర్తులు ఫొటోతో పోల్చుకుని, ఇంజిన్‌ని చేత్తో తిప్పి ఎక్కడా తగలట్లేదని తేలాకే కిక్ కొట్టండి.

స్టార్టయ్యాక కార్బురేటర్. గాలి బాగా పోవడం మొదలైతే పెట్రోల్ చాలకపోవచ్చు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అందులో ఆక్సిజన్ ఉండటంతో మిశ్రమం ఇంకా పల్చనవుతుంది. టాప్ గేర్‌లో ఎక్కువ యాక్సిలరేటర్ మీద కొంత దూరం నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి, పక్కన ఆగి ప్లగ్ తీసి చూడండి. లేత గోధుమ రంగు అయితే సరి. తెల్లగా ఉంటే మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రం ముక్క) ఒక సైజు పెంచండి. నల్లటి మసి అయితే తగ్గించండి.

ఫలితం చూడటానికి మాకు సింహాచలం ఘాట్ రోడ్డు ఉంది. అదే మనిషి, వెనక అదే మనిషి, అదే గేరు, అదే మలుపు నుంచి అదే మలుపు దాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్. పనికి ముందు తీసిన టైము పక్కన పెట్టుకుని చూడండి. టాప్ స్పీడ్‌లో పెద్ద తేడా ఆశించకండి, ఇది ఏడున్నర హార్స్‌పవర్‌కి అటూ ఇటూ ఉండే ఇంజిన్. తేడా మధ్య వేగాల్లో తెలుస్తుంది. ఇంతకు ముందు గేరు దించాల్సి వచ్చిన ఎత్తు మీద మా మేనల్లుడి బండి ఇప్పుడు అదే గేరులో లాక్కుపోతోంది. మైలేజ్ కూడా తగ్గలేదు, ఎందుకంటే వాల్వులు ఇప్పుడు సరిగ్గా మూసుకుంటున్నాయి.

500 కిలోమీటర్లు తిరిగాక పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద టాపెట్ గ్యాప్ (రాకర్‌కి, వాల్వ్ కాడకి మధ్య సందు) మళ్ళీ కొలవండి. కొత్తగా కోసిన సీటులో వాల్వ్ కొద్దిగా లోపలికి దిగుతుంది, గ్యాప్ తగ్గుతుంది. ముఖ్యంగా ఎగ్జాస్ట్‌ది. సర్దేసి, ఆ అంకె తేదీతో సహా రాసుకోండి. తర్వాతి సర్వీసింగ్‌లో కూడా అంతే తగ్గితే సీటు దిగుతూనే ఉన్నట్టు, హెడ్డు మళ్ళీ విప్పి చూడాల్సిందే.